ఎడమవైపు కిటికీ

స్కాట్లండ్‌లోని స్కై దీవిలో మూడో రోజు ఉదయం టూరు బస్సు కదలకముందే పేచీ మొదలైంది. అందరికీ మంచి కిటికీ దక్కాలని రోజూ సీట్లు మార్చడం ఆ బస్సు ఆనవాయితీ. ఆ వరుసలో ఈరోజు సముద్రం కనిపించే ఎడమవైపు కిటికీ డెన్‌హోమ్‌కి వచ్చింది. ఎనభై దాటిన ఊనాకి కుడివైపు పడింది.

"కాస్త చోటు మారతావా నాయనా? ఒడ్డున నేను పుట్టిన ఇల్లుంది. అది చూడ్డానికే వచ్చాను," అని ఆవిడ బతిమాలింది.

"రెండ్రోజులు కొండలే చూశానమ్మా. ఇవాళ సముద్రం నాది. రూలంటే రూలే!" అన్నాడు డెన్‌హోమ్, కెమెరా సర్దుకుంటూ.

గైడూ డ్రైవరూ తానే అయిన లాక్లన్ అద్దంలో ఊనా ముఖం చూశాడు. ఒడ్డు వెంట పోయే ఇరుకు రోడ్డులో ఆ ఇంటి దగ్గర బస్సు ఆపే చోటు లేదని అతనికి తెలుసు.

"మీ సీటు మీదే డెన్‌హోమ్ గారూ," అంటూ రోజూ వెళ్లే వైపు కాకుండా బస్సును ఎదురు దిక్కుకు తిప్పాడు. దీవిని చుట్టివచ్చే ఆ దారిలో ఎటునుంచి వెళ్లినా ఆ రోజు చూడాల్సిన కోట వస్తుంది.

"అదేంటయ్యా, సముద్రం కుడివైపుకి పోయింది!" అన్నాడు డెన్‌హోమ్.

"రూలు సీట్లకేనండీ. సముద్రానికి లేదు."

బస్సంతా గొల్లున నవ్వింది.

ఒడ్డున కప్పులేని రాతిగోడలు కనబడగానే లాక్లన్ వేగం తగ్గించాడు. ఊనా కిటికీ అద్దానికి చెయ్యి ఆనించింది.

"మా అమ్మ పొయ్యి పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది," అంది. తర్వాత పక్కసీటు తట్టి, "రా నాయనా, కెమెరా తెచ్చుకో. ఇంత సముద్రం నేనొక్కదాన్నే ఏం చేసుకోను?" అని పిలిచింది.

డెన్‌హోమ్ వచ్చాడు. ముందు ఆ పొగగొట్టాన్నే ఫొటో తీశాడు.