గినీపందులకు పొద్దుటి పాట

నా పీహెచ్‌డీని ముంచబోయింది మందు కాదండి, మా సామ్రాజ్యం పిన్ని చప్పట్లు!

బాపట్లలో మా ఫార్మసీ కాలేజీలో పది గినీపందులున్నాయి. పందులంటే పందులు కాదు లెండి, ఎలుకకి అన్నలు, కుందేలుకి తమ్ముళ్ళు. ఐదింటికి చెవులు పాడుచేసే యాంటీబయాటిక్ ఇచ్చా, ఐదింటికి ఉత్త ఉప్పునీళ్ళు. చప్పట్లు కొడితే బాగున్నవాటి చెవులు టక్కున కదలాలి, చెవుడొచ్చినవాటివి కదలకూడదు. ఇంతే నా రెండేళ్ళ చదువు. దీనికోసం తెనాలి నుంచి రోజూ ప్యాసింజర్లో నిలబడి వచ్చా.

ఆ రోజు ఎగ్జామినర్ పాండురంగారావు గారు బోనుల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కొట్టా చప్పట్లు. ఒక్క చెవి కదిలితే ఒట్టు! మళ్ళీ కొట్టా. అరచేతులు మండిపోయాయి. పదీ నావంక చూస్తూ గడ్డి నములుతున్నాయి.

"ఉప్పునీళ్ళకి కూడా చెవుడొస్తుందామ్మా?" అన్నారాయన.

"వాటికి చప్పట్లు అలవాటైపోయాయండి, ఇక అదరవు," అంది మేత వేసే సామ్రాజ్యం పిన్ని, చీపురు పట్టుకుని. రేపల్లె చర్చిలో పాటలకి ముందుండేది ఈవిడే. పనిలో చేరి నెలైంది. "చెవులు పోతాయని నువ్వే అన్నావు కదమ్మా. పోయేలోపు నాలుగు పాటలైనా వింటాయని రోజూ పొద్దున్నే చప్పట్లు కొట్టి పాడుతున్నా."

"కొంప ముంచావు కదా పిన్నీ!" అని అరిచా. ఏడుపొకటే తక్కువ.

పిన్ని చీపురు పక్కన పెట్టి గోడ చాటుకి వెళ్ళింది. రోజూ మేత తెచ్చే క్యారీబ్యాగు తీసి గరగరా నలిపింది. అంతే! ఐదు గినీపందులు చెవులు రిక్కించి, కుయ్ కుయ్ మంటూ లేచి నిలబడ్డాయి. ఐదూ ఉప్పునీళ్ళవే!

పాండురంగారావు గారికి నవ్వాగలేదు. "బాగుందమ్మా. చెవులు పరీక్షించే మిషన్ మీద కూడా చూసి రాసుకో," అన్నారు.

నేను ఎగిరి గంతేశా. పిన్ని మాత్రం మిగతా ఐదింటినే చూస్తోంది.

"వీటికి వినపడటమే మానేసింది. ఎవరికి పాడానమ్మా ఇన్నాళ్ళూ?" అని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు వెళ్ళేసరికి ఆ ఐదింటి బోను రేకు మీద వేళ్ళతో తాళం వేస్తూ పాడుతోంది.

"వినపడకపోతేనేం, కాళ్ళకి తెలుస్తుందిలే," అంది.

మళ్ళీ తిట్టబోయా. ఆ ఐదూ రేకుకి పొట్టలానించి కదలకుండా కూర్చున్నాయి. పిన్ని పక్కనే కూర్చుని నేనూ తాళం వేశా.