లక్ష్మీపతి తీసిన తరుగు

మా చెల్లెలి మొగుడు లక్ష్మీపతి కంటికి త్రాసు అక్కర్లేదు. మదనపల్లె మండీలో ఏళ్ల తరబడి టమోటాలు కొంటున్నాడు. లారీ ముందు నుంచి పోతే చాలు, లోపల ఎన్ని బాక్సులున్నాయో, డ్రైవరు సీటు కింద దాచుకున్న కాయలెన్నో చెప్పేస్తాడు. ఒకసారి కుప్పం స్టేషన్లో ఆగకుండా పోయిన రైలును చూసి అందులోని కాళ్లన్నీ లెక్క చెప్పాడు. ఒక్క కాలు తేడా వచ్చింది. విచారిస్తే, ఎవరో ఒంటికాలి మీద నిలబడి చెప్పులో రాయి తీసుకుంటున్నాడట. చెల్లెలినిచ్చినవాణ్ణి, నమ్మక ఏం చేస్తాను.

చౌడేపల్లెలో వాళ్లింటి గ్రైండరు కాలిపోయింది. రుబ్బురోలు తిప్పీ తిప్పీ మా చెల్లెలు అంజమ్మకు భుజం పట్టేసింది. అప్పుడే పుంగనూరులో మురళీధర్ అనే ఆయన పాత్రల అంగడి తెరిచాడు. గల్లా పక్కన గాజు సీసా నిండా రూపాయి బిళ్లలు పోసి, ఎన్నున్నాయో అందరికన్నా దగ్గరగా రాసినవాళ్లకు గ్రైండరు ఇస్తానన్నాడు. ఇంటికి ఒక్క చీటీ.

ముగ్గురం బస్సెక్కి పోయాం.

"గ్రైండరు రాకపోతే రేపటి నుంచి పిండి నువ్వే రుబ్బాల," అంది అంజమ్మ మొగుడితో.

"ఇంట్లో దాన్ని యాడ పెట్టాలో చూసుకో పో," అన్నాడు లక్ష్మీపతి.

సీసా చుట్టూ తిరిగాడు. వంగి అడుగు చూశాడు. మూత దగ్గర వాసన కూడా చూశాడు.

"బిళ్లలు పండినాయా బావా?" అన్నాను.

"నువ్వు ఊరుకో బావా," అని అంజమ్మ చెవి దగ్గరికి వంగాడు. "రెండువేల నూరు." నాకూ వినిపించింది.

తనే చీటీ రాసి మడిచి డబ్బాలో వేశాడు.

సాయంత్రం అందరి ముందూ సీసా బోర్లించి లెక్కపెట్టారు. సరిగ్గా రెండువేల నూరు. అంజమ్మ కొంగు సర్దుకుని గ్రైండరు మీద చెయ్యి వేసింది. మురళీధర్ చీటీలు విప్పాడు.

"పావని, రెండువేల అరవై నాలుగు. గ్రైండరు ఆమెదే."

"స్కూటర్ నంబరు రాసినా అన్నా," అంది పావని సిగ్గుపడుతూ.

"మాది చూడప్పా," అంది అంజమ్మ.

"లక్ష్మీపతి, పద్దెనిమిది వందల తొంభై."

అంజమ్మ మొగుడి వైపు తిరిగింది. "రెండువేల నూరంటివే. యాల తగ్గించినావు?"

"తరుగు తీసినా. అడుగు కాయలు నలిగింటాయని మండీలో నూటికి పది తీసేస్తాం కదా."

"రూపాయి బిళ్లలు నలుగుతాయాప్పా?" అన్నాడు మురళీధర్.

"పైన అంత బరువుండాదే," అన్నాడు లక్ష్మీపతి. వెంటనే ఒక బిళ్ల తీసి వేళ్ల మధ్య నొక్కి చూశాడు. అది మెత్తబడలేదు. ఇంకొకటి నొక్కబోతుంటే అంజమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

తిరుగు బస్సులో నవ్వు ఆపుకోలేక నేను కిటికీలోంచి తల బయట పెట్టి కూర్చున్నాను.

మరునాటి నుంచి లక్ష్మీపతే రుబ్బుతున్నాడు. చూసినవాళ్లకు భుజానికి కసరత్తని చెప్తాడు. అంత మెత్తటి పిండి ఆ వీధిలో ఎవరూ చూడలేదట. నిన్న పక్కింటి ఈశ్వరమ్మ నానబెట్టిన బియ్యం తెచ్చి మర్యాదగా గుమ్మంలో పెట్టిపోయింది. నేనూ రేపు మినప్పప్పు పంపిద్దామనుకుంటున్నాను.