నీళ్ళ వంతు

కాన్పు కష్టమై రేపల్లెకు తీసుకెళ్తుంటే గంగరత్నం పెద్దకూతురు ఎడ్లబండిలోనే పోయింది. ఆ మరుసటేడు, అరవై మూడులో, కట్టపాలెం జనం సొంతంగా ఆస్పత్రి కట్టుకున్నారు. చేపల వేటవాళ్ళు గుల్లసున్నం మోశారు. లూథరన్ పేటవాళ్ళు గోడలు లేపారు. రైతులు తాటిదూలాలిచ్చారు. తెనాలి నుంచి వారానికి మూడు రోజులు డాక్టరు వచ్చేవాడు, తక్కిన రోజులు నర్సు రాహేలమ్మే దిక్కు. ఊరి బావుల్లో ఉప్పునీళ్ళు. అందుకని రోజుకో ఇల్లు వంతు వేసుకుని, మైలు దూరంలోని కాలవ నుంచి ఆస్పత్రికి మంచినీళ్ళు తెచ్చేది.

ఐదేళ్ళు గడిచాక రైసుమిల్లు యజమాని బసవేశ్వరరావు కబురంపాడు. ఎక్స్‌రే మిషనూ పాతిక ఇనప మంచాలూ ఇస్తాడట. ఆస్పత్రి తన పేరున రాయాలట. వేటవాళ్ళూ పేటవాళ్ళూ ఇకమీదట పెరటి వాకిట్లోంచి రావాలట, నీచువాసన పెద్దిళ్ళ రోగులకి పడటం లేదట.

గంగరత్నానికి ఆ పూట అన్నం సయించలేదు. చిన్నకూతురికి తొమ్మిదో నెల. ఒకదాన్ని బండిలో పోగొట్టుకుంది, రెండోదాన్ని పెరటి పంచలో కననివ్వనని మొగుడితో తెగేసి చెప్పింది. వాకిలి ఏదైతేనేం, మందు ఒకటేగా అన్నాడు అప్పారావు.

ఆదివారం సాయంత్రం ఆస్పత్రి వరండాలో మీటింగు పెట్టారు. మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు, ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడ్డారు. కమిటీ సెక్రటరీ దేవదానం మాస్టారు మిల్లు యజమాని ఉత్తరం చదివి, ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నాడు. ఒక్కొక్కటే లేస్తున్నాయి. అప్పారావు చెయ్యి సగం లేచింది.

గంగరత్నం మెట్లెక్కింది.

“మాస్టారూ, చెయ్యి ఎవరెత్తాలని కమిటీ పుస్తకంలో రాసుకున్నారండి?”

మాస్టారు పుస్తకం తిప్పాడు. చదువుతుంటే ఆయన గొంతు తగ్గింది. “ఇంటికొక చెయ్యి. స్వయంగా నీళ్ళ వంతు చేసినవారే ఎత్తవలెను.”

కూలివాళ్ళని పంపి పెత్తనం చెయ్యబోయిన మోతుబరులకి అడ్డంగా మగవాళ్ళే రాసుకున్న మాట అది. తమ ఇళ్ళలో బిందె ఎత్తింది ఎవరో రాసినప్పుడు ఎవరికీ తట్టలేదు.

“నువ్వెన్ని బిందెలు మోశావు మావా?”

“నేను వేటకెళ్తాను గదే.”

“వెళ్తావు. కాదన్నానా? చెయ్యి దించు.”

చాపల మీద నవ్వులు లేచాయి. తమ చేతులు కూడా దించాలని తెలిశాక ఆగిపోయాయి. రైతు పున్నారావుకి ఒళ్ళు మండింది. “ఆడాళ్ళకి ఎక్స్‌రే గురించి ఏం తెలుసు?”

“ఎక్స్‌రే గురించి తెలవదు బాబూ,” అంది పేట దానమ్మ. “పెరటి వాకిలి గురించి తెలుసు.”

మాస్టారు మళ్ళీ అడిగాడు, ఈసారి మెట్ల వైపు తిరిగి. ఒప్పుకుంటూ మూడు చేతులు లేచాయి. వద్దనేవాళ్ళని అడిగితే వేటవాళ్ళ ఆడవాళ్ళు, పేట ఆడవాళ్ళు అందరూ ఎత్తారు. చివర్న పున్నారావు కోడలు కోటమ్మ, మామ చూస్తుండగానే, పైటకొంగు పళ్ళతో పట్టుకుని చెయ్యెత్తింది.

అందరూ వెళ్ళినా గంగరత్నం కదల్లేదు. జవాబు ఇప్పుడే రాయమంది. రేపటికి ఎవరి మనసు ఎలా తిరుగుతుందో అంది. మాస్టారు కలం తీశాడు.

“మంచాలు ఊరికే ఇస్తే పుచ్చుకుంటామని రాయండి. ఆస్పత్రి మాత్రం మేం ఇవ్వం అని రాయండి. ఒంట్లో బాగా లేకపోతే తమరు కూడా రావచ్చు, మాతోపాటు వరసలో కూచోవాలి అని రాయండి.”

ఆ చివరిమాట దగ్గర కలం ఆగింది. “ఇది కాస్త ఎక్కువేమో అమ్మా.”

“ఏం ఎక్కువండి? రమ్మనేగా అంటున్నాం.”

ఆయన రాసేదాకా నిలబడి, చదివించుకుని, కింద వేలిముద్ర వేసింది.