శుక్రవారం గోలి

వేడినీళ్ల తపేలాలో రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి కూర్చుంది ఖాజాబీ. నీళ్లలో గుప్పెడు దొడ్డుప్పు వేసింది. పొద్దున్నే ఆమె వేళ్లు ఆమె మాట వినవు. పిడికిలి పట్టమంటే పట్టవు, పట్టాక విప్పమంటే విప్పవు. జుట్టు ముడి వేసుకోవాలన్నా, జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా ముందు గంటసేపు వాటిని ఇలా బతిమాలుకోవాలి. మాఘమాసపు చలికి ఆ గంట కాస్తా గంటన్నర అవుతోంది.

లక్సెట్టిపేట బస్టాండు వెనక సందులో ఆమెను గాజుల ఖాజాబీ అంటారు. యాభై ఆరేళ్ల మనిషి. మధ్యవేళ్ల కణుపులు రేగుపండ్లంత లావెక్కాయి. చిటికెన వేళ్లు రెండూ మిగతావాటితో పొసగనట్లు పక్కకు ఒరిగిపోయాయి. బొటనవేలి మొదట్లో ఎముక ఎప్పుడు తాకినా వెచ్చగా ఉంటుంది. గాజులు అమ్మడానికి మంచి చేతులు అక్కర్లేదు, డబ్బాలో పెట్టి ఎవరైనా అమ్ముతారు. తొడగడానికే కావాలి. ఎదుటివాళ్ల చెయ్యిని అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి కింద ఎముకను లోపలికి నొక్కి, నాలుగు వేళ్లనూ దగ్గరికి చేర్చి, గాజును కొంచెం కొంచెం తిప్పుతూ కణుపు దాటించాలి. నొక్కు ఎక్కువైతే నొప్పి, తక్కువైతే గాజు పగులుతుంది. ఎంత నొక్కాలో ముప్పై అయిదేళ్లుగా ఆమె బొటనవేలికి తెలుసు. ఇప్పుడు ఆ వేలే ఎదురు తిరిగింది.

నెల కిందట కోడలు నూరీన్ పట్టుబట్టి ఆమెను కరీంనగర్ తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి, ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదంది. ఒంటిని కాపాడవలసిన బలమే కీళ్ల మీద తిరగబడే వాతం అంది. వారానికి ఒక్క గోలి రాసింది. ఏ రోజు వేసుకుంటావంటే జుమ్మా రోజని చెప్పింది ఖాజాబీ. ఆ రోజైతే మరచిపోయే పని లేదు. డాక్టరమ్మ చీటీ మీద 'శుక్రవారం' అని రాసి ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని రెండుసార్లు చెప్పింది. నెలకోసారి నెత్తురు పరీక్షకు రావాలి. చన్నీళ్లు ముట్టవద్దు, కింద కూర్చోవద్దు, బరువులు మోయవద్దు. రోజూ నడవాలి, రబ్బరు బంతి పిసకాలి, ఒళ్లు తగ్గాలి. గోలి గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అందాకా ఓపిక పట్టాలి.

వీటిలో సులువైనవన్నీ ఖాజాబీ బుద్ధిగా చేసింది. బంతి కొంది. వేడినీళ్లు కాచుకుంది. డాక్టరమ్మ చెప్పకపోయినా, పక్కింటి గంగుబాయి చెప్పిందని వంకాయ కూడా మానేసింది. నడక మాటెత్తితే మాత్రం నవ్వేది.

"ఊరూరు నడిచి నడిచే గదా మోకాళ్లు పోయినయి. మళ్ల నడువుమంటదేంది?"

ఆమె దగ్గర లేనిదల్లా ఓపిక. మాఘంలో పెళ్లిళ్లు వరసకట్టి వస్తాయి, అవి ఎవరి కీళ్ల కోసమూ ఆగవు.

తొమ్మిది రోజుల కిందట గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో పెళ్లికూతురికి గాజులు తొడుగుతుంటే వేలు పట్టు తప్పింది. గాజు ఫట్‌మని పగిలి, పిల్ల చేతిమీద గీరుకుపోయి నెత్తురు వచ్చింది. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. పెళ్లికూతురి తల్లి మొహం మాత్రం మాడిపోయింది. ఒకామె ఇంకొకామె చెవిలో, "మంచిర్యాలకు పోయి దుకాణంల తొడిగించుకుంటే అయిపోతుండె" అంది. ఆ మాట ఖాజాబీకి వినపడాలనే అంది. ఇంటికి వచ్చి ఆ పూట ఆమె అన్నం తినలేదు. అంత సిగ్గు ఆమె బతుకులో ఎన్నడూ ఎరగదు.

ఆ మర్నాడే లెక్క మార్చుకుంది. వారానికి ఒక్క గోలి ఈ మాత్రం పనిచేస్తే, రోజూ ఒకటి వేసుకుంటే చేతులు తిన్నగా అయిపోవా? డాక్టర్లు భయపెట్టకుండా ఏ మందూ ఇవ్వరు. మూడు నెలలకని ఇచ్చిన పన్నెండు గోలీల్లో మూడు, మూడు శుక్రవారాలకు ఖర్చయ్యాయి. మిగతా తొమ్మిదీ గాజుల డబ్బాలో దాచుకుని, రోజుకొకటి, కోడలు చూడకుండా మింగుతూ వచ్చింది. నొప్పి తగ్గిందో, తగ్గినట్లు అనిపించిందో గానీ వేళ్లు కాస్త వంగాయి. ఇవాళ తొమ్మిదోది వేసుకుంది. ఇవాళ పెళ్లికూతురు సృజనకు గాజులు తొడగాలి.

నూరీన్ గిన్నెలో జావ తెచ్చి పెట్టింది. ఖాజాబీ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. నాలుగు రోజులుగా నోరంతా పుండ్లు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. ముంజేతి మీద ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు.

"అమ్మీ, గీ పుండ్లు తగ్గేటట్టు లేవు. నెత్తురు పరీక్ష తారీఖు గూడ దాటిపాయె. ఇయ్యాల దవాఖానకు పోదామా?" అంది నూరీన్.

"వేడి చేసింది, అంతే. సబ్జా గింజలు నానబెట్టు బేటా. గీ ఒక్క లగ్గం అయినంక పోదాం."

"గోలీలు మంచిగనే వేసుకుంటున్నవా?"

"జుమ్మా జుమ్మా వేసుకుంటలేనా? నువ్వు ఫికర్ చెయ్యకు."

కొడుకు షారుఖ్ ఆటోలో గాజుల సంచి పెట్టి, ఊరి బయట ఉన్న రామేశ్వర్‌రావు ఇంటి ముందు దింపి వెళ్లాడు. రామేశ్వర్‌రావు పోయి చాలా ఏళ్లయినా ఆ ఇంటికి ఆయన పేరే నిలిచింది. ఆయన భార్య లీలాబాయి ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. కొడుకు వంశీధర్‌రావు, అతని కూతురు సృజన. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో ఉన్న సృజన చేతికి నల్లగాజులు వేసింది ఖాజాబీయే. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నా, నాకు గాజులు ఖాజమ్మే తొడగాలని ఫోనులో రెండుసార్లు చెప్పింది. ఆ మాట ఖాజాబీ సందులో అందరికీ వినిపించింది.

చాప మీద ఆడవాళ్లు పదిమంది దాకా కూర్చున్నారు. ఖాజాబీ మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలకు దిగుతుంటే లీలాబాయి లోపలి నుంచి స్టూలు తెప్పించింది. ఆమెకూ అదే వాతం. ఆమె చూపించుకునేదీ కరీంనగర్‌లో ఆ డాక్టరమ్మకే.

"ఖాజా, కింద కూసోవద్దన్నది గదా డాక్టరమ్మ. దీని మీద కూసో."

"మీరందరు కింద కూసుంటే నేను మీద కూసొని తొడుగుదునా దొర్సానీ? నాకు గట్ల చేతకాదు" అని నేల మీదే చతికిలబడింది.

సృజన చెయ్యి చాచింది. సన్నటి చెయ్యే గానీ ఎముక గట్టిది, వాళ్ల నాయనమ్మ పోలిక. మొదటి ఆరు పచ్చగాజులు నవ్వుతూ మాట్లాడుతుండగానే ఎక్కాయి. ఎనిమిదో దానికి ఖాజాబీ వీపంతా చెమట పట్టింది. పదోది కణుపు మీద ఆగింది. బొటనవేలి మొదట్లో నొప్పి భుజం దాకా పాకింది. పళ్లు బిగబట్టింది, నోట్లో పుండు చిట్లి ఉప్పగా తగిలింది. గోదావరి ఒడ్డున విన్న ఫట్‌మనే చప్పుడు చెవిలో మోగింది. యా అల్లా, ఈ పిల్ల చేతి మీద మాత్రం వద్దు అనుకుంది. గాజును వెంట్రుకవాసి తిప్పింది. ఇంకొంచెం. గాజు జారి మణికట్టు మీద మిగతావాటితో కలిసి గలగలమంది. చాప మీద ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు. ఖాజాబీకి మాత్రం పోయిన పరువు తిరిగొచ్చింది.

రెండో చెయ్యి కూడా అయ్యాక సృజన ఆమె చేతిని వదల్లేదు.

"ఖాజమ్మా, నీ చెయ్యి కాలిపోతుంది. జెరమొచ్చిందా?"

"వేడినీళ్లల్ల పెట్టుకోని వచ్చిన బిడ్డా. గందుకే."

మిగిలిన ఆడవాళ్లందరికీ తొడిగేసరికి పొద్దు నెత్తిమీదికి వచ్చింది. భోజనాల దగ్గర బగారా అన్నం, వంటవాళ్లు కొసరి కొసరి వడ్డించిన మాంసం కూర ముట్టకుండా, ఖాజాబీ పెరుగన్నం పిసుక్కుని రెండు ముద్దలు మింగింది. మింగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న లీలాబాయి అది చూసింది.

"ఏమైంది ఖాజా? నోట్లె పుండ్లా?"

"వేడి చేసింది దొర్సానీ."

లీలాబాయి గొంతు తగ్గించింది. "డాక్టరమ్మ నాకు గదే చెప్పింది. నోట్లె పుండ్లు లేస్తే గోలి బందు చేసి ఉరికి రావాలన్నది. నువ్వు ఎన్ని వేసుకుంటున్నవ్?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం, మంచి మనిషి ఖాజాబీకి దొరకరు. చెప్పాలనే నోరు తెరిచింది. కానీ చాప మీద ఇంకా నలుగురు ఉన్నారు. ఎర్రపెన్నుతో సున్నా చుట్టి ఇచ్చినా తెలుసుకోలేనిదని నవ్వుతారు. పైగా రేపు పొద్దున మండపంలో పెళ్లికూతురి పక్కన ఉండమన్నారు, ఒంట్లో బాగాలేదంటే వద్దంటారు. గోలీలు ఎలాగూ ఇవాళ్టితో అయిపోయాయి. ఇవన్నీ ఒక్క క్షణంలోనే ఆమె మనసులో తిరిగాయి.

"శుక్రవారం శుక్రవారం ఒక్కటే, దొర్సానీ. మీ లెక్కనే."

లీలాబాయి ఆమె మొహంలోకి చూసింది. ఇంకేదో అడగబోయింది. ఇంతలో లోపలి నుంచి పసుపు ఎక్కడ పెట్టారని ఎవరో పిలిచారు.

"ఎల్లుండి వంశీ కారు కరీంనగర్ పోతది. నువ్వు గూడ ఎక్కు. ఇద్దరం కలిసి చూపిచ్చుకుందాం" అని లేచింది.

"గట్లనే" అంది ఖాజాబీ. ఎల్లుండి మాటకు ఆమెకు నిజంగానే ధైర్యం వచ్చింది.

ఎల్లుండి దాకా ఒళ్లు ఆగలేదు. సాయంత్రం ఆటో దిగి గడప దాటుతూ గోడ పట్టుకుంది, పట్టు దొరకలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. సైకిళ్ల దుకాణం కట్టేసి వచ్చిన భర్త సత్తార్, కొడుకు, నూరీన్ కలిసి అదే ఆటోలో మంచిర్యాలకు, అక్కడి నుంచి కరీంనగర్‌కు తీసుకుపోయారు. నెత్తురులో కణాలన్నీ అడుగంటాయని, రోగాన్ని ఎదిరించే శక్తి ఏమీ మిగల్లేదని డాక్టర్లు చెప్పారు. ఈ గోలి ఎన్ని రోజులు వేసుకుందని మళ్లీ మళ్లీ అడిగితే నూరీన్ శుక్రవారాలు లెక్కపెట్టి చెప్పింది. మంచం మీది నుంచి ఖాజాబీ కళ్లు తెరిచి, పగిలిన పెదవులతో తానే చెప్పింది.

"తొమ్మిది దినాలు. రోజుకొకటి."

నూరీన్ ఆమె మొహం మీదికి వంగింది. "ఎందుకు అమ్మీ? నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?"

"ఆ పొల్ల చేతికి ఒక్క గాజు గూడ పలుగలే బేటా" అంది ఖాజాబీ. కోడలు అడిగినదానికి అదే జవాబు అనుకుంది.

విరుగుడు మందు ఎక్కించారు, నెత్తురు ఎక్కించారు. సృజన అత్తవారింటికి వెళ్లిన మూడో రోజు, మధ్యాహ్నం పూట, నిద్రలోనే ఖాజాబీ పోయింది. కబురు విని లీలాబాయి కారులో వచ్చి సందు చివర దిగింది. తాను ఆ రోజు పసుపు కోసం లేచి పోకపోయి ఉంటే అన్నది ఎవరితోనూ అనలేక, గంగుబాయి వేసిన కుర్చీలో కూర్చుని తన వేళ్లను తానే పట్టుకుని ఏడ్చింది.

వెనక వాకిట్లో పరదాలు కట్టి, స్నానం చేయించడానికి ఆడవాళ్లు వచ్చారు. ఒంటి మీద ఏమీ ఉండకూడదన్నారు. చెవుల కమ్మలు వచ్చాయి, ముక్కుపుల్ల వచ్చింది. గాజులు మాత్రం కణుపుల దగ్గర ఆగిపోయాయి. ఎన్నేళ్లుగా అవి ఆ చేతులకే ఉండిపోయాయో ఎవరికీ తెలియదు. పగలగొడదాం, రాయి తెమ్మంది ఒక పెద్దామె.

"వద్దు. నేను తీస్త" అంది నూరీన్.

ఆమెకు ఆ పని రాదు. అత్త ఎన్నిసార్లు నేర్పబోయినా, ఎవరైనా నొప్పి అనగానే చెయ్యి వదిలేసేది. ఇప్పుడు సబ్బు రాసి, ఖాజాబీ చెయ్యిని తన అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి కింద ఎముకను లోపలికి నొక్కింది. నొప్పి అంటుందేమోనని ఆగింది. అనలేదు. ఇంకా గట్టిగా నొక్కి, వేళ్లను దగ్గరికి చేర్చి, గాజును కొంచెం కొంచెం తిప్పింది. అలా ఆ చెయ్యీ, ఈ చెయ్యీ అయ్యేదాకా ఆడవాళ్లు నీళ్లు పోయకుండా నిలబడ్డారు.

బకెట్టు పక్కన బండ మీద, సబ్బు నురగలో, ఆరు ఎర్రగాజులు, ఒక్కటీ పగలకుండా.