మాస్టారు సన్నబడ్డారు

తన చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయిందని మా ఆవిడ రత్నాలు పార్వతీపురం వెళ్ళాక నేను బాగా సన్నబడ్డాను. బతుకంతా పిల్లలచేత డ్రిల్లు చేయించి, తాను మాత్రం బొజ్జ పెంచుకున్న వ్యాయామ మాస్టారిని నేను. రిటైరయ్యాక గుమ్మలక్ష్మీపురంలోనే ఉండిపోయాను. డెబ్భైకి దగ్గరపడుతుండగా ఆ బొజ్జ దానంతటదే కరిగిపోతుంటే, అది నా ఘనకార్యమే అనుకున్నాను.

ప్యాంటు జారినప్పుడల్లా మనసు పొంగేది. సంతలో ఎవరు కనపడినా ఆపి ఆరోగ్య రహస్యం చెప్పేవాణ్ణి: పొద్దున నడక, రాగి అంబలి, రాత్రికి మితంగా తిండి. భీమన్ననూ వదల్లేదు. నా ఈడువాడే. కొండమీద జీడితోట చేసుకుంటూ, ఒంట్లో చుక్క కొవ్వు లేని మనిషి. సంతకు దిగిన ప్రతిసారీ మా వరండాలో కాసేపు కూర్చుని వెళ్తాడు. సన్నబడడం ఎలాగో అతనికి బోధించాను. ఓపిగ్గా విని, పోయిన సంతకూ ఇదే చెప్పారన్నాడు. మంచిమాట రెండుసార్లు చెప్పాలని గద్దించాను.

తిన్నారా అని రత్నాలు ఫోన్లో అడిగితే తిన్నాననే చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. తిన్నాననే అనుకునేవాణ్ణి.

మరుసటి సంతనాడు మధ్యాహ్నం భీమన్న వచ్చాడు. ఏం పనిమీద వచ్చావని అడిగాను. భోజనానికి మీరే పిలిచారు కదా అన్నాడు. నీకు గుర్తుందో లేదో చూద్దామని అడిగానని తప్పించుకుని, నేనిప్పుడే తిన్నాను, నువ్వు కూర్చో, వడ్డిస్తానన్నాను.

స్టవ్ మీద కుక్కర్ మూత తీయనేలేదు. పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచిన భీమన్న అక్కడే నిలబడిపోయాడు. లోపల నిన్నటి అన్నం, మొన్నటి అన్నం, అంతకు ముందుదీ, ఒక్క మెతుకు కదలకుండా మూతలు పెట్టి ఉన్నాయి. అన్నీ తీసి గట్టుమీద పెట్టాడు.

“ఇయ్యన్నీ ఎవులికి వండినారు మాస్టారూ?”

“నాకే.”

“మరి తిన్నదెవులు?”

మితాహారం మీద నా ఉపన్యాసం ఎత్తుకోబోయాను. ఉద్యోగంలో చేరిన ఏడాది సీలేరులో జరిగిన ఆటల పోటీల్లో పెట్టిన భోజనం, ఊరగాయతో సహా చెప్పగలను. ఆ పొద్దున ఏం తిన్నానో మాత్రం చెప్పలేకపోయాను.

భీమన్న కుక్కర్ తీసి ఇద్దరికీ వడ్డించాడు. నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

“మా అమ్మ కూడా ఇలాగే సిక్కిపోయింది. వయసు కదా అనుకున్నాం. తిండే మర్సిపోతందని ఎవులికీ తెల్లేదు,” అన్నాడు. “మీదీ అదేనో కాదో నాకేటి తెలస్తాది? రత్నాలమ్మకి మీరే సెప్పండి.”

ఫోన్ నా చేతిలో పెట్టి, మాట్లాడేదాకా కదల్లేదు. చెప్పాను. రత్నాలు ఆ సాయంత్రమే బస్సు దిగింది. ఒక్క మాట తిట్టలేదు. నాకు అసలు భయం అప్పుడేసింది.

పార్వతీపురంలో డాక్టరమ్మ భానుశ్రీ నన్ను కాటా ఎక్కించింది. పరేడ్‌లోలాగా ఛాతీ విరిచి నిలబడ్డాను. బరువెలా తగ్గించారని అడిగితే అంబలి దగ్గర మొదలుపెట్టాను. అంతా విని, ఈ వయసులో ఏ ప్రయత్నమూ లేకుండా ఒళ్లు తగ్గితే డాక్టర్లు మెచ్చుకోరని, కారణం వెతుకుతారని మెల్లగా చెప్పింది. షుగరో థైరాయిడో కావచ్చు. కొందరిలో మతిమరుపు బయటపడకముందే బరువు తగ్గడం మొదలవుతుందట.

మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. కాసేపాగి వాటిని అడిగింది. ఒకటి గుర్తుంది. మిగతా రెండూ నేనే కల్పించి గట్టిగా చెప్పాను. గొంతుకు మార్కులుంటే నేనే ఫస్టు.

పరీక్షల్లో విటమిన్ లోటు బయటపడింది. దానికి మందుంది. మతిమరుపు కూడా మొదలైందని తేలింది. అది పూర్తిగా పోతుందని డాక్టరమ్మ చెప్పలేదు. వేళకు, ఒకరి తోడుతో తినమంది, నడక మానొద్దంది. తిరుగు బస్సెక్కాం. రత్నాలు దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఇప్పుడు నేనూ రత్నాలూ కలిసే తింటున్నాం. బుగ్గలు కాస్త నిండాయి. మొన్న సంతకు వచ్చిన భీమన్న ఏం కూరని అడిగాడు. రత్నాలు వైపు చూశాను. ఆవిడ జవాబు అందించలేదు.

బాగా ఆలోచించి, “దొండకాయ,” అన్నాను.

“బెండకాయ,” అంది రత్నాలు.

“ఏ కాయైతే ఏటి,” అన్నాడు భీమన్న. “తిన్నారు కదా.”