సందివ్వని మాట

డోలక్క కుడిచేత్తో దరువు ఆపకుండానే ఎడమచేత్తో కాగితం మీద ఒక మాట కొట్టేసింది. డోలు ఒళ్ళో అడ్డంగా ఉంది. ఎదురుగా సోఫాలో మొగుడూ పెళ్ళాల వేషాలు కట్టిన నటులిద్దరూ చెమటలు కక్కుతున్నారు. ఫ్యాను వేస్తే మైకులో హోరు, వేయకపోతే లైట్ల వేడి.

"అందుకోవే! అతని మాట కింద పడకముందే నీ మాట తగలాలి."

"ఊపిరెప్పుడు తీసుకోనక్కా?" అంది నటి.

"అతను మాట్లాడుతున్నప్పుడు తీసుకో. ఇంట్లో మీ ఆయన మాట్లాడేటప్పుడు నువ్వు చేసేదదేగా."

మళ్ళీ దరువు మొదలైంది.

"నా కళ్ళజోడేదీ?"

"ముక్కు మీదుంది."

"మరేమీ కనబడదేం?"

"తుడిచి చూడండి."

"తుడిచా. నువ్వు కనబడ్డావు."

"అయితే మళ్ళీ మసి పూసుకోండి."

కెమెరామన్ భుజాలు ఊగాయి. "నువ్వు నవ్వితే బొమ్మ వణుకుతుంది నాయనా, పళ్ళు బిగించుకో," అంది డోలక్క.

ఆమె బక్కపలచటి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేస్తుంది. కణుపులు లావెక్కిన వేళ్ళు కలం పట్టుకుంటే ముల్లు తీస్తున్నట్టుంటుంది. దరువుకి చర్మం చిట్లకుండా చూపుడువేలికి ఎప్పుడూ తెల్ల ప్లాస్టర్ చుట్టుకుంటుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మేడలు కట్టేచోట ఇటుకలు మోసేది. నిచ్చెన మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి పాడేవాళ్ళు. ఒకరి పాట చివర మరొకరు పట్టుకునేవాళ్ళు. మధ్యలో సందొస్తే నెత్తిమీద బరువు గుర్తొస్తుంది, అందుకని ఎవరూ సందివ్వరు. ఆ పాటలూ, మేనమామ నేర్పిన డోలూ తప్ప ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్నదేమీ లేదు.

ఈ టీవీ ఆఫీసుకి పాటల కార్యక్రమంలో డోలు వాయించడానికే వచ్చింది. ఒకరోజు హాస్యం రాసేవాడు రాలేదు. నటులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, డోలు మీద వేళ్ళాడిస్తూ ఆమే నాలుగు మాటలు చెప్పింది. మర్నాడు మళ్ళీ చెప్పమన్నారు. అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఆమె పేరు తెరమీద అందరికంటే చివర పడుతుంది. అప్పటికి చూసేవాళ్ళు లేచి గిన్నెలు సర్దుకుంటూ ఉంటారు.

కిందటి నెల కార్యక్రమాలు చూసుకోడానికి కొత్త సారు వచ్చాడు. వచ్చీ రాగానే, మాట మాటకీ వెనక రికార్డు చేసిన నవ్వులు పెట్టమన్నాడు. ఎడిటర్ దగ్గర చిన్న నవ్వు, పెద్ద నవ్వు, చప్పట్లతో నవ్వు మూడు రకాలున్నాయి. పోయినవారం ఆ నవ్వు డోలక్క రాసిన మాట ముగియకుండానే మీదపడి దాన్ని మింగేసింది. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. ఇంటికెళ్ళి ఈ ఎపిసోడు రాసింది.

మధ్యాహ్నానికి షూటింగు అయిపోయింది. ఎడిటింగు గదిలో ఎడిటర్ తల పట్టుకున్నాడు.

"ఏమక్కా ఇది? ఎక్కడ పెట్టను నవ్వు? సూది దూరే సందు కూడా లేదు."

"లేకపోతే మానెయ్ తమ్ముడూ."

కొత్త సారు వచ్చి బొమ్మ మొత్తం నిలబడే చూశాడు. ఒకచోట నవ్వాపుకోలేక ఆయన మూతి కూడా వంకర తిరిగింది, వెంటనే సర్దుకున్నాడు.

"బాగుందమ్మా. కాదనను. కానీ జనం నవ్వుతుంటే తర్వాత మాట వినబడదు కదా?"

"వినబడకపోతే పక్కవాళ్ళని అడుగుతారు సారూ, ఏమంది, ఏమంది అని. ఇల్లన్నాక ఆమాత్రం గోల ఉండాలి."

"నవ్వులు లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు. నటులింకా వెళ్ళలేదు. ఖాళీలిచ్చి మళ్ళీ తీయండి."

"తీయను."

"నామీద కోపమా?"

"కోపమెందుకు? నోట్లో ముద్ద పెడతాను. నమలడం కూడా నేనే చెయ్యాలంటే నావల్ల కాదు."

సారు తలుపు వైపు తిరిగాడు. "అయితే రేపట్నుంచి..."

"రానులెండి."

సారు తలుపు తీసి, మనమే మళ్ళీ తీద్దాం రమ్మని నటిని పిలిచాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. తువ్వాలుతో మొహం అడ్డదిడ్డంగా రుద్దేసుకుంటోంది. ఒక కంటి కాటుక చెవిదాకా పాకింది.

"మేకప్పు తుడిచేసుకున్నా సారూ. మళ్ళీ వేసుకునేసరికి రాత్రవుతుంది," అంది.

ఆ సాయంత్రం ప్రసారానికి మరో ఎపిసోడు లేదు. ఉన్నది ఉన్నట్టే పంపమని ఎడిటర్‌తో చెప్పి సారు వెళ్ళిపోయాడు.

డోలక్క ఇంటికి ఫోను చేసింది. అవతల ఆమె భర్త ఎత్తాడు.

"వచ్చేస్తున్నా."

"ఇంత పెందలాడేనా? ఈ పూటకేనా?"

"రోజూనూ."

"అయితే నా రేడియో సౌండు తగ్గించుకోవాలన్నమాట."

"తగ్గించక్కర్లేదు. నేను డోలు పెంచుతాను."

ఆమె డోలు భుజానికి తగిలించుకుంది. చూపుడువేలికి చుట్టుకున్న తెల్ల ప్లాస్టర్‌ను చింపకుండా, ఉంగరం తీసినట్టు మెల్లగా లాగి, కంప్యూటరు పక్కన పెట్టింది. ఎడిటర్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో తమ్ముడూ, నీ పని చూసుకో," అని మెట్లు దిగిపోయింది.

అతను బొమ్మను మొదటికి తిప్పాడు. కళ్ళజోడు మాటల దగ్గర పకపకా నవ్వాడు, తర్వాతి మాట వినబడక మళ్ళీ వెనక్కి తిప్పాడు. అతని మోచేతి పక్కన, దరువుకు ఒకవైపు నల్లబడిన ఆ ప్లాస్టర్ చుట్ట, లోపల వేలు లేకపోయినా వేలంత గుండ్రంగా నిలబడే ఉంది.