నీలం తొట్టి చెప్పిన నడక

ప్రతి సోమవారం పొద్దున ఆ ఇంటి కోడలు మెట్లు దిగే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గోడ పట్టుకుని, ఎండ్రకాయలా పక్కకు పక్కకు దిగుతుంది. మహారాణీగారు వేంచేస్తున్నారని మొగుడు వెక్కిరిస్తాడు. పిల్లలు కిసుక్కుమంటారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ కుంటినడక వెనక సంగతి కూడా వినాలి మరి.

ఆమెది అద్దకం కార్ఖానాలో పని. నీలిమందు తొట్టిలోంచి తీసినప్పుడు బట్ట ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాకే నీలమవుతుంది. అందుకని తడిబట్టను భుజాన వేసుకుని గబగబా మేడెక్కి, మడతలు విప్పి ఆరేయాలి. ఈమధ్య ఆమెకు సగం మెట్లకే ఆయాసం ముంచుకొస్తోంది. ఆగి దమ్ము తీసుకునే లోపల మడతల్లోనే రంగు తిరిగి బట్ట మచ్చలు పడుతోంది. ఇలాగే సాగితే తొట్టి దగ్గర ఇంకొకరిని పెట్టుకోక తప్పదని యజమానురాలు మెత్తగానే చెప్పింది.

గుండెకేం ఢోకా లేదు, ఒంట్లో దమ్ము తగ్గింది, చెమట పట్టేలా నడవమన్నాడు డాక్టరు. నడవడానికి ఆమెకు దొరికేది ఆదివారం ఒక్కటే. మిగతా సాయంత్రాలన్నీ పొయ్యి దగ్గరే గడిచిపోతాయి. అందుకని వారం నడకంతా ఆ ఒక్క పూటే, ఎండ నెత్తికెక్కేదాకా, మైదానం చుట్టూ నడిచేసేది. సోమవారానికి కాళ్ళు కర్రలయ్యేవి, మెట్ల మీద ముందుకంటే అన్యాయమయ్యేది.

ఒక సోమవారం మరో బట్ట పాడైంది. ఇంటికొచ్చి కూరలు తరుగుతుంటే, ఒకప్పుడు అదే తొట్టి దగ్గర పనిచేసిన అత్తగారు పక్కన చేరింది.

"బట్టను పొద్దంతా తొట్టిలోనే నానబెడితే నీలం పడుతుందిటే?"

"ఎక్కడ పడుతుంది అత్తయ్యా. ఉతికితే వెలిసిపోదూ. ముంచాలి, తీసి గాలికెయ్యాలి, మళ్ళీ ముంచాలి."

"మరి నీ ఒళ్ళు ఆ బట్టపాటి చెయ్యదా? ఒక్క పూటే నానబెట్టి చంపుతున్నావ్. కాస్త నడువు, ఒకరోజు ఆగు, మళ్ళీ నడువు. ఆగినప్పుడేగా రంగు తిరిగేది."

కోడలు కత్తిపీట పక్కన పెట్టింది. "రోజు విడిచి రోజు అరగంట నాకెవరిస్తారు అత్తయ్యా?"

ఆ మాటకు అత్తగారు తల తిప్పింది. పేపరు చదువుతున్న కొడుకు వంక అలా చూస్తూ కూర్చుంది. అతను కాసేపు పేపరు చాటున దాక్కున్నాడు. చివరికి మడిచి పక్కన పెట్టి, పొయ్యి ఎలా వెలిగించాలో చూపించమన్నాడు.

మొదటి రోజు అన్నం మాడ్చాడు. మాడును పిల్లలు వంతులేసుకుని గీకారు, ఆమె మాత్రం నడిచే వచ్చింది. మాట్లాడగలిగేంత వేగంతోనే మొదలుపెట్టింది. కాళ్ళు అలవాటుపడ్డాక మరికొంచెం దూరం, ఆదివారం ఇంకాస్త ఎక్కువ. సోమవారం ఎండ్రకాయ నడక పోయింది. వెక్కిరించడానికి ఏమీ మిగల్లేదని మొగుడు దిగాలు పడ్డాడు.

వానాకాలం వెళ్ళేసరికి ఒకనాడు ఆమె తడిబట్ట భుజానేసుకుని ఎక్కడా ఆగకుండా మేడెక్కింది. విప్పి చూస్తే ఇంకా ఆకుపచ్చే. కళ్ళముందే అంచు నుంచి అంచుకు, ఒక్క మచ్చ లేకుండా నీలం తిరిగింది. వెనకాలే ఆయాసపడుతూ ఎక్కివచ్చిన యజమానురాలు బట్టను చేత్తో నిమిరి, కొత్త మనిషి మాట మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం నువ్వు నడిచే చోటెక్కడో చెప్పు, నేనూ వస్తానంది.

అమ్మలారా, అయ్యలారా, ఒక్కరోజే కుప్పపోసిన శ్రమ ఒంటికి పట్టదు, వారమంతా పంచుకున్న శ్రమే పడుతుంది. ఆ అరగంట ఇంటి ఆడమనిషికి దొరకాలంటే ముందు ఇంటి పనిని పంచుకోవాలి.